మడుగు మాకు, మేట ఆమెకు

మా అక్క పోయిందన్న కబురు విన్నప్పుడు నా నోట మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఇందులో కూడా నువ్వే ముందా?" అన్నాను. పొయ్యి మీద సంగటి కుతకుతలాడుతోంది. సెల్లు చేత్తో పట్టుకుని నిలబడ్డ మా ఆయన నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. నా సంగతి ఆయనకు కొత్త కాదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావ భార్య. ఆ ఇంటికి నాకన్నా ముందు కాపురానికి వచ్చింది, నాకన్నా ముందు కొడుకును కన్నది, మా అత్త నడుమున వేలాడే తాళాలు నాకన్నా ముందు అందుకున్నది. చివరికి పోవడం కూడా ముందే పోయింది. అదీ ఎలాగ? తెల్లవారి లేచి, వాకిలి చిమ్మి, తలకు పోసుకుని, అరుగు మీద కూర్చుని, ఆకూవక్కా నోట్లో పెట్టుకుని గోడకు ఒరిగిందట. అంతే. మంచం పట్టలేదు, ఒకరి చేత చాకిరీ చేయించుకోలేదు. చూడడానికి వచ్చిన ఆడవాళ్లందరిదీ ఒకటే మాట, "ఎంత పుణ్యం చేసుకుండాదో, ఇట్లాంటి సావు ఎవురికొస్తాది" అని. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూనే, ఆ మాటలు వింటూ కుళ్లుకున్నాను. చావులో కూడా మంచి ముక్క ఆమెకే పడింది.

దినాలు అయిపోయాక ఆమె పెద్ద కొడుకు మా ఇంటికి వచ్చాడు. "చిన్నమ్మా, అమ్మను గురించి నాలుగు మాటలు రాయి. మన ఇంట్లో రాసేది నువ్వే గదా" అన్నాడు.

"మంచి మాటలే రాయాల్నా?" అని అడిగాను.

వాడు నవ్వాడు. "నీకు తోచింది రాయి" అన్నాడు. కాబట్టి తోచిందే రాస్తున్నాను. చదివినవాళ్లు నన్ను నాలుగు తిట్టుకున్నా నాకు బాధ లేదు.

మాది వేంపల్లెకు దగ్గర్లో, పాపాఘ్ని ఒడ్డున ఉన్న పల్లె. ఏటి ఒడ్డు అనగానే కళ్ల ముందు కొబ్బరి తోటలు పెట్టుకోవద్దు. మా ఏట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. పైన ఎక్కడో గట్టి వానలు పడితే ఎర్రటి నీళ్లు ఉరుక్కుంటూ వస్తాయి. దాన్ని మేము "ఏరొచ్చింది" అంటాం. ఏరొస్తే ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంది. కొన్నేళ్లు అసలు రాదు.

ఆ ఏరు మా మామ చేను దగ్గర వంపు తిరుగుతుంది. పైనుంచి నేరుగా వచ్చిన నీళ్లు చేని పై భాగానికి వచ్చి కొట్టుకుంటాయి. అక్కడ గట్టును ఒరుసుకుంటూ పోయి, అవతలి ఒడ్డు వైపు మళ్లుతాయి. దాంతో చేని కింది భాగం దగ్గర వేగం తగ్గి, మోసుకొచ్చినదంతా అక్కడ దించేస్తాయి. నీళ్లు కొట్టే చోట లోతు మడుగు. నీళ్లు నెమ్మదించే చోట ఇసుక మేట. ఇదంతా ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను గానీ, పంపకాలనాడు మాలో ఎవరికీ ఇది తట్టలేదు.

మా ఇళ్లలో పంపకాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు చేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అలాగైతే పెద్దవాడికి మోసం చేసే సందు ఉండదు. మా బావ చేనును అడ్డంగా రెండు ముక్కలు చేసి, "కోరుకో నాయనా" అన్నాడు మా ఆయనతో. పై ముక్కకు మడుగు ఉంది. నడి వేసవిలో కూడా దాంట్లో నీళ్లు మెరుస్తూ ఉండేవి. మడుగు గట్టున పెద్ద ఏరుమద్ది మాను, నున్నటి తెల్లటి బెరడుతో, కొమ్మలు నీళ్ల మీదికి చాచుకుని ఉండేది. కింది ముక్కలో ఏముంది? మేట, రెల్లు, నాలుగు వావిలి పొదలు. చేనికి మేట పడిందంటే రైతు నెత్తిన గుడ్డ వేసుకున్నట్టే. కరువు సీమలో పుట్టినవాడెవడైనా కళ్ల ముందు నీళ్లు పెట్టుకుని ఇసుకను కోరుకుంటాడా? మా ఆయన నా వైపు చూశాడు, నేను తల ఊపాను. మడుగు మాకు, మేట వాళ్లకు.

ఆ పూట నా సంతోషం అంతా ఇంతా కాదు. ఆ ఇంట్లో అడుగు పెట్టాక మొదటిసారి మంచి ముక్క నా విస్తట్లో పడింది. చిన్నబోయి ఉంటుందేమోనని అక్క మొహంలోకి పనిగట్టుకుని చూశాను. ఆమె కొంగు దులుపుకుని, "పొద్దు పోతాండాది, లేయండి, అన్నాలు తిందురు" అంది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. గెలిచినవాడికి ఓడినవాడి మొహం కనపడకపోతే ఏం గెలుపు? ఆ పొద్దు నుంచి నాకు ఒకటే కోరిక. ఆమె ఒక్కసారి నన్ను చూసి కుళ్లుకోవాలి, అది నేను కళ్లారా చూడాలి. ఆ కోరికతోనే ఇన్నేళ్లు ఆమె పక్క చేనులో బతికాను.

ఏరు మాత్రం నా పక్షాన లేదు. వచ్చిన ప్రతిసారీ మా గట్టును కొరికేది. అడుగున మన్ను కరిగిపోయి, పైన ఉన్న చేను పెళ్లలు పెళ్లలుగా మడుగులో పడేది. గట్టు గోడలాగా నిలువుగా తయారైంది. మద్ది వేర్లు బయటపడి గాలికి ఎండేవి. అటు అక్క చేను దగ్గర మేట మీద ఇసుక, ఇసుక మీద ఒండ్రు, ఒండ్రు మీద పచ్చదనం.

ఏరుమద్ది కాయకు నిలువుగా రెక్కలుంటాయి. వేసవిలో రాలి ఇసుకలో పడి ఉంటాయి. ఏరొచ్చి వాటిని తేల్చుకుపోతుంది. ఉరికే నీళ్లలో అవి ఆగవు. నీళ్లు నిదానించి, అంచున నురుగూ పుల్లా పుడకా వదిలే చోట ఆగుతాయి. నీళ్లు తీశాక, అంటే ఏరు తగ్గిపోయాక, ఆ అంచు వెంబడే మొలకలు లేస్తాయి, గొర్రుతో విత్తినట్టు వరసగా. అక్క చేను దగ్గర అలా ఒక వరస లేచింది. మళ్లీ ఏరొచ్చినప్పుడు దానికి కాస్త కిందగా ఇంకో వరస. నడుమ నడుమ కానుగలు. ఆమె ఒక్క గింజ నాటలేదు, ఒక్క కడవ నీళ్లు పోయలేదు. నా కడుపుమంట అంతా అక్కడే. కష్టపడి సంపాదించుకుని ఉంటే నేను కూడా మెచ్చుకునేదాన్ని.

కష్టపడలేదు అంటే అది కూడా పూర్తి నిజం కాదు. ఏరు తీసిన మరునాడు ఆమె పైట నడుముకు చుట్టి మేటలోకి దిగేది. లేత మద్ది మొక్కలు నీళ్ల దెబ్బకు ఏరు పోయే వైపు ఒరిగి ఉండేవి. వాటికి చుట్టుకున్న చెత్తా చిత్తుగుడ్డా తీసి పారేసేది. మొక్కను మాత్రం లేపేది కాదు.

"నిలబెట్టగూడదా అక్కా, వంకరగా పెరుగుతాయి" అన్నాను ఒకసారి.

"ఒంగింది కాబట్టి బతికింది మ్మే. ఈ పొద్దు నేను నిలబెడితే, రేపు ఏరొచ్చి ఇరగ్గొట్టుకోని పోతాది. దానికి బలమొచ్చినాక అదే లేస్తాది."

అన్నట్టే లేచాయి. ఇప్పటికీ ఆ చెట్ల మొదళ్లు ఏరు పోయే వైపు కాస్త వంగి, అక్కడినుంచి నిటారుగా పైకి పోతాయి. మా పిల్లలకు ఊయల కట్టుకోవడానికి ఆ వంపులు బాగా పనికొచ్చాయి. ఊయల కట్టింది నా పిల్లలు, చెట్లు ఆమెవి. అది కూడా నా ఖాతాలో కుళ్లే.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒక వేసవిలో ఆమె చెట్ల కింద రాలిన కాయలు ఒళ్లో పోసుకుని వచ్చి మా గట్టు పొడుగునా చల్లాను. గట్టు సందుల్లో కూడా వేలితో పొడిచి పెట్టాను. ఏరొచ్చింది. కాయలతోపాటు కాయలున్న గట్టును కూడా తీసుకుపోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు, నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "గోడకు ఇత్తనం ఏస్తే మొలుస్తాదామ్మే? నీళ్లు పరిగెత్తే చోట చెట్టు నిలబడదు. నీళ్లు కుచ్చునే చోట చెట్టు లేస్తాది."

"నీళ్లు నీ దగ్గరే యాల కుచ్చోవాల? మా దగ్గర కుచ్చుంటే ఏరు అరిగిపోతాదా?" అన్నాను ఒళ్లు మండి.

"ఏటినే అడుగుపో" అంది, ఇంకా నవ్వుతూనే.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా కరువు పట్టింది. ఏరు రావడమే మానేసింది. చేలల్లో బోర్లన్నీ గాలి కక్కాయి. మేము అంత ఆశపడి కోరుకున్న మడుగు అడుగంటి, బీటలు వారి, పశువులు తొక్కిన బురదగుంట అయింది. అక్క మేటలో మాత్రం చెట్ల నీడన ఇసుక తోడితే చెలమలో నీళ్లు ఊరేవి. నీళ్లంటే మామూలు నీళ్లు కావు, కొబ్బరినీళ్లు. ఇసుక కడుపులో దాచుకున్న నీళ్లు. ఊళ్లో సగం ఇళ్లు ఆ చెలమ నీళ్లే తాగాయి. మా ఇల్లు కూడా తాగింది.

నేను అడగడానికి మొహం చెల్లక, బోరింగు దగ్గర వరసలో నిలబడేదాన్ని. అది చూసి ఆమె తనే బిందె నింపి మా వాకిట్లో దించి పోయేది. పిలిచేది కాదు, తలుపు కొట్టేది కాదు. నేను బయటికి వచ్చేసరికి బిందె ఉండేది, ఆమె సందు మలుపు తిరుగుతూ ఉండేది. ఆ నీళ్లు తాగి నా పిల్లలు బతికారు. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే కళ్లు పోతాయి. బిందె ఖాళీ చేసి తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు మాత్రం ఆ చెట్ల నీడన నిలబడి మళ్లీ కుళ్లుకునేదాన్ని. ఉపకారం ఉపకారమే, కుళ్లు కుళ్లే.

ఒక రోజు చెలమ దగ్గర నీళ్లు ఊరేదాకా ఇద్దరం కూర్చున్నాం. ఎన్నాళ్లుగానో గొంతులో ఆడుతున్నది అడిగేశాను. "అక్కా, నిజం చెప్పు. పంపకాలప్పుడే నీకు తెలుసు గదా, ఈ పక్కే మేలని?"

ఆమె నములుతున్న ఆకు పక్కకు ఊసింది. "తెలిసింటే, మీరు యాడ దీన్ని కోరుకుంటారో అని మీ బావ చేత ఇంగో రకంగా పంచించకపోతునా? నాకూ ఆ మడుగు మీదే మనసుండె. మీరు కోరుకుంటిరి. ఆ రాత్రి నాకు అన్నం సయించలా."

మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ మాట విన్నాక నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఒక్క పూట! ఆమె నా వల్ల ఒక్క పూట అన్నం తినలేదు! బిందె ఎత్తుకుని ఇంటికి వస్తుంటే బరువే తెలియలేదు. కానీ సగం దారిలో సంతోషం చప్పబడిపోయింది. ఆ రాత్రి నేను చూడలేదు గదా. చూడని కుళ్లు నాకేం లెక్క?

కరువు తీరి వానలు మొదలయ్యాయి. ఏరు మళ్లీ వచ్చింది, పాత బాకీ తీర్చుకుంటున్నట్టు వచ్చింది. నీళ్లు తీశాక అక్క మేటలోకి పోయి చూస్తే, బూడిదరంగు ఇసుక మీద అరచేతి మందాన ఎర్రమన్ను పరుచుకుని ఉంది. ఆ చుట్టుపక్కల ఎర్రచేను మాదొక్కటే. నాకు ఒళ్లు తెలియలేదు. అక్కడికక్కడే నిలబడి, "అక్కా, ఇది మా చేను. ఈడ పండుకోనుండాది మా మన్ను" అని అరిచాను.

ఆమె వంగి ఆ మన్ను వేళ్లతో నలిపి చూసింది. "అవు మ్మే, మీదే" అంది. ఇంటికి పోయి గంపా పారా తెచ్చింది. నవ్వులాటకు అనుకున్నాను. కాదు. పారతో మన్ను ఎత్తి గంప నింపి, "తల ఒంచు" అంది. నేనేం తక్కువ తిన్నానా, వంచాను. ఎత్తింది. ఆ తడిమన్ను మోసుకుంటూ మా చేను దాకా నడిచి పోసి వచ్చాను. ఆమె ఇంకో గంప నింపి పెట్టి ఉంది. అదీ మోశాను. మూడో గంపకు నా మెడ నరాలు బిగుసుకుపోయాయి, కాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. అలాగే మద్ది చెట్టు మొదట్లో చతికిలబడ్డాను. ఆమె మజ్జిగ చెంబు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"ఏరు ఒక చేత్తో తింటాది, ఇంగో చేత్తో పెడ్తాది. మనం గంపలతో దాని ఎంట పడితే ముగుస్తాదా?" అంది.

"నా దగ్గర తిని నీకు పెడితే నువ్వెన్ని మాటలైనా చెప్తావు" అన్నాను మజ్జిగ తాగుతూ.

ఆమె గంప బోర్లించి పెట్టింది. మజ్జిగలో అల్లం ఎక్కువ వేసింది, బాగుంది.

ఆ మరుసటి ఏరుకు మా మద్ది పడిపోయింది. ఏ చెట్టును చూసి చేను కోరుకున్నామో ఆ చెట్టు. వేర్లు సగం గట్టులోనే ఉండి, మాను మాత్రం ఏట్లోకి ఒరిగి, గట్టు వెంబడి అడ్డంగా పడుకుంది. నేను గట్టున కూర్చుని, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చాను. నాలుగో రోజుకల్లా కట్టెల అంగడి ఆయన వచ్చి కొలతలు వేశాడు. రంపం మనుషులు కూడా వచ్చారు. అప్పుడు వచ్చింది అక్క, చేతిలో కొడవలి, నెత్తిన గడ్డిమోపుతోనే.

"కొయ్యొద్దు అబ్బయా" అంది మా ఆయనతో. "పడినా దాని వేర్లు ఇంకా గట్టును పట్టుకోనుండాయి. ఉండనీ ఆన్నే."

మా ఆయన రంపం వాళ్లను ఆపేశాడు. వదిన చెబితే వేదం. నేను చెబితే మాత్రం చూద్దాంలే. నాకు తిక్క రేగింది. "నీకు తోపు తోపు చెట్లుండొచ్చు. మాకు పడిన చెట్టు కట్టెలు కూడా దక్కగూడదా?" అన్నాను, రంపం వాళ్ల ముందరే.

ఆమె మోపు దించి, చెమట తుడుచుకుంది. నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆమె గొంతు తగ్గించేది. ఆ అలవాటు కూడా నాకు పడేది కాదు. "కట్టెలు రెండు నెల్లు కాలుస్తావు. ఇదుంటే నీళ్లు దీనికి కొట్టుకుంటాయి, గట్టుకు కొట్టుకోవు. దీని ఎనక నీళ్లు కుచ్చుంటాయి మ్మే. నీళ్లు కుచ్చుంటే ఇసుక కుచ్చుంటాది."

"ఎప్పటికి?"

"ఏరెప్పుడొస్తాదో నాకేం తెలుసు" అని మోపు ఎత్తుకుని వెళ్లిపోయింది. కట్టెల అంగడి ఆయన గొణుక్కుంటూ పోయాడు. ఆ రాత్రి మా ఆయనకు నేను సంగటి పెట్టానే గానీ నంజుకోవడానికి ఊరిబిండి పెట్టలేదు.

ఆమె పోవడానికి ముందు వారమే ఏరొచ్చింది. ఈసారి గట్టు మీద నిలబడి చూడడానికి ఆమె రాలేదు, కాళ్లు లాగుతున్నాయంది. నీళ్లు ఇంకా పారుతూ ఉండగానే కబురు వచ్చింది. ఆ తర్వాత అంత్యక్రియలు, చుట్టాలు, దినాలు. నేను చేను వైపు పోలేదు. పోవాలంటే ఆమె చేను దాటుకుని పోవాలి.

మొన్న పోయాను. ఏరు పూర్తిగా తీసి, సన్నటి పాయ మాత్రం అవతలి ఒడ్డున పారుతోంది. మా గట్టు ఈసారి ఒక్క పెళ్ల కూడా విరగలేదు. పడిన మద్ది వెనక, మడుగు సగం దాకా, కొత్త మేట పడి ఉంది. దాని అంచు వెంబడి, పుల్లా పుడకా ఆగిన చోట, మొలకలు. జంట ఆకులతో, గొర్రుతో విత్తినట్టు వరసగా. పై ఊళ్లలో ఏ చెట్టు కాయలో, కొట్టుకొచ్చి మా దగ్గర ఆగాయి. నీళ్లు మా దగ్గర కూర్చున్నాయి.

నేను ఏమీ ఆలోచించలేదు. కింది చేను వైపు తిరిగి, గొంతెత్తి, "అక్కా, దా! దా, ఒకసారి వచ్చి చూడు!" అని అరిచాను.

అరిచాక గానీ తెలియలేదు.

చెట్ల చాటు నుంచి ఆమె కోడలు బయటికి వచ్చింది. గడ్డి కోస్తున్నట్టుంది. "ఏం చిన్నత్తా, పిలిస్తివా?" అంటూ ఇసుకలో నడిచి మా మేట దాకా వచ్చింది. మొలకలు చూసి నిలబడిపోయింది. వంగి ఒక కొస నుంచి ఇంకో కొసదాకా చూసుకుంటూ పోయింది.

"ఏం చిన్నత్తా, ఇన్నుండాయే! ఈసారి మా పక్క ఒక్కటీ లేవలా" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్లు నవ్వలేదు. కింది పెదవి కాస్త బిగిసింది. నాకు బాగా తెలిసిన మొహం అది. ఇన్నేళ్లు నేను మోసిన మొహమే.

ఇన్నేళ్లు చూడాలనుకున్న కుళ్లు చివరికి కనపడింది, కానీ అక్క మొహంలో కాదు. "మీ పక్క కూడా లేస్తాయిలే పాపా" అన్నాను. ఆ పిల్ల ఇంకా వంగి మొలకలు చూస్తూనే ఉంది. నేను ఇసుకలో కూర్చుని అక్క కోసం ఏడ్చాను, ఈసారి కుళ్లు లేకుండా.